పండుగలు – పిండివంటలు

ఏ పండుగకు ఏ వంట చేయవలెనని అడిగినచో తెలుగునాట పదేండ్ల పిల్లలు సైతము తడుముకొనకుండ చెప్పుదురు. ఉగాదికి పచ్చడి, శ్రీరామనవమికి పానకము, వినాయకచవితికి ఉండ్రాళ్లు, సంక్రాంతికి అరిసెలు. ఆ పండుగకు ఆ వంటయే యేల చేయవలెనని మారుప్రశ్న వేసినచో మాత్రము పెద్దలు కూడ కొంత ఆలోచింపవలసి వచ్చును. ‘పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము’ అని చెప్పి ఊరకుందురు. ఆచారమే, సందేహము లేదు. అయితే ఆ ఆచారము వెనుక పొలమును, ఋతువును కలవు. ఆయా మాసములలో పొలమునుండియు తోటనుండియు ఏది కొత్తగా ఇంటికి వచ్చునో, అదియే పండుగనాడు విస్తరిలోనికి వచ్చును. మన పండుగలలో పెక్కింటిని చాంద్రమానము ననుసరించి జరుపుకొందుము. ఒక్క సంక్రాంతి సూర్యుని గతి ననుసరించి జనవరి 14 లేక 15వ తేదీన వచ్చును. లెక్క ఏదైనను వంటయింటికి కావలసినది పంట చేతికి వచ్చు కాలమే.

చైత్రశుద్ధ పాడ్యమినాటి ఉగాది పచ్చడిని చూడుడు. అందులో ఆరు రుచులు కలియవలెనని నియమము. చేదునకు వేపపూవు, పులుపునకు కొత్త చింతపండు, తీపికి కొత్త బెల్లము, వగరునకు లేత మామిడికాయ, వీనికి తోడు ఉప్పు, కారము. వేప పూచునది ఆ దినములలోనే. చింతచెట్టు కాయలు దులుపుట మాఘ ఫాల్గునములలో ముగియును. చెరకు గానుగలు ఆడి, బెల్లపు దిమ్మలు అంగడికి వచ్చియుండును. అనకాపల్లి బెల్లపు విపణి దేశమందలి పెద్దవానిలో ఒకటి. అచ్చట ఆ నెలలలో దిమ్మలు గుట్టలుగా పడియుండును. కనుక ఉగాది పచ్చడి యన నూతన సంవత్సరమునాటి తోటయంతయు ఒక గిన్నెలో కలిసిన వంటకము. ఇందులో మిరపకాయ ఒక్కటియే కొత్తగా వచ్చిన చుట్టము. పోర్చుగీసువారు 16వ శతాబ్దమున అమెరికా ఖండపు మిరపను మన తీరమునకు తెచ్చిరి. అంతకు పూర్వము కారమునకు మిరియములే ఆధారము. నేటికిని కొన్ని యిండ్లలో ఈ పచ్చడిలో మిరియపు పొడియే వేయుదురు. కోస్తా జిల్లాలలో పచ్చడి కొంత చిక్కగా నుండును. తెలంగాణమున కొత్త కుండలో పలుచగా కలిపి, గ్లాసులతో త్రాగుదురు.

ఆనాడే భక్ష్యములు కూడ చేయుదురు. వీనికి బొబ్బట్లనియు, ఓళిగలనియు, పోలెలనియు ఊరికొక పేరు. శనగపప్పు నుడికించి, బెల్లము చేర్చి రుబ్బిన పూర్ణమును పలుచని పిండిపొరలో పెట్టి, అరచేతితో వెడల్పుగా ఒత్తి పెనముమీద కాల్చుదురు. పప్పు నుడికించిన నీటిని పారబోయరు. ఆ కట్టులో చింతపండు పులుసు, కొంచెము పూర్ణము కలిపి చారు కాచుదురు. తీపి తిన్న నాలుకకు ఆ చారు ఎంత హితవో తిన్నవారికే తెలియును. ఒక్క వంటనుండి రెండు వంటలు పుట్టించిన ఈ పొదుపు మన యిల్లాండ్ర సొత్తు.

శ్రీరామనవమికి పొయ్యి వెలిగింప నక్కరలేదు. నానబెట్టిన పెసరపప్పు వడపప్పగును. బెల్లము నీటిలో కరగించి, మిరియములు, ఏలకులు దంచి కలిపినచో పానకమగును. తడిబియ్యపు పిండి, బెల్లము కలిపి ముద్ద చేసినచో చలిమిడి యగును. భద్రాచలమున సీతారాముల కల్యాణము చూచుటకు మండుటెండలో నిలుచున్న వేలాది జనులకు కావలసినది నూనెలో కాలిన పిండివంట కాదు. దప్పిక తీర్చి, చెమటతో పోయిన సత్తువను కొంత తిరిగి యిచ్చు పానీయము.

ఎండలు తగ్గి, తొలకరి జల్లులు పడిన పిమ్మట ఆషాఢశుద్ధ ఏకాదశి వచ్చును. దానికి తొలి ఏకాదశి యని పేరు. ఆనాడు జొన్నలను మంగలమున వేయించి, పేలాలు చేసి, బెల్లముతో దంచి పేలాలపిండి తినుట ఆచారము. రైతు ఇంట కొత్త పంట లేని కాలమది. గాదెలో మిగిలిన గుప్పెడు జొన్నలతో తృప్తిపడు పండుగ యిది. పెద్ద పండుగల నడుమ దీనిని మరచువారే యెక్కువ.

శ్రావణమాసమున వరలక్ష్మీ వ్రతమునకు పూర్ణపు బూరెలు, పులిహోర, గారెలు వండుదురు. ‘తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి’ అను సామెత యెరుగని తెలుగువారు లేరు. గారె పురాతనమైన వంటకము. పశ్చిమ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన ‘మానసోల్లాస’మను సంస్కృత గ్రంథమున ‘ఘారిక’ యను వంటకము చెప్పబడినది. గారె చేయుటలోని కిటుకు పిండి రుబ్బుటలో నున్నది. నానిన మినపపప్పును నీరు చాల తక్కువగా చిలకరించుచు రుబ్బి, తరువాత చేతితో బాగుగా గిలకొట్టవలెను. అట్లు చేసినప్పుడు పిండిలో సన్నని గాలిబుడగలు చిక్కుకొనును. ఒక చిన్న ముద్దను నీటిలో వేసినచో అది తేలవలెను. మునిగినచో ఇంకను గిలకొట్టవలెను. తేలిన పిండి గారె నూనెలో పొంగి, లోపల మెత్తగా, పైన కరకరలాడుచు వచ్చును. నీరెక్కువైన పిండి నూనె త్రాగును. పాఠశాలలో పదార్థముల సాంద్రతను గూర్చి చదువు పిల్లలు ఇంట ఆ నీటి గిన్నె దగ్గర ఒకసారి నిలిచి చూచుట మంచిది.

భాద్రపదశుద్ధ చవితినాడు విఘ్నేశ్వరునకు ఉండ్రాళ్లు, కుడుములు నివేదింతురు. ఇవి ఆవిరిమీద ఉడుకునవి. బియ్యపు రవ్వను, కొంచెము శనగపప్పును నీటిలో ఉడికించి, ఉండలు చుట్టి, మరల ఆవిరి పట్టింతురు. కొబ్బరియు బెల్లమును లోపల పెట్టి, జిల్లేడుకాయ ఆకారమున మడిచినచో అవి జిల్లేడుకాయలు. వానాకాలమున జీర్ణశక్తి మందగించును గనుక ఆవిరి వంట హితమని పెద్దలు చెప్పుదురు. ఇంకొక మేలు కూడ కలదు. నూనె కొనలేని యింట కూడ ఈ నైవేద్యము ఏ లోటును లేక జరుగును. గుప్పెడు బియ్యపు రవ్వ, కుండెడు నీరు, నాలుగు పుల్లలు చాలును.

భాద్రపద అమావాస్యనాడు తెలంగాణమున బతుకమ్మ పండుగ ఆరంభమగును. తంగేడు, గునుగు, బంతి పూలను దొంతరలుగా పేర్చి, స్త్రీలు దాని చుట్టును పాడుచు తిరుగుదురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది. ఈ తొమ్మిది దినములలో అనేక దినములకు వంటకమును బట్టియే పేరు పెట్టుట ఒక విశేషము. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యపు బతుకమ్మ, అట్ల బతుకమ్మ అని వరుస. ఆరవనాడు బతుకమ్మ అలిగినదని నైవేద్యము పెట్టరు. ఏడవనాడు బియ్యపు పిండిని వేపపండ్లవలె చేసి వేయించి, వేపకాయల బతుకమ్మ యందురు. ఎనిమిదవనాటిది వెన్నముద్దల బతుకమ్మ. కడపటినాటిది సద్దుల బతుకమ్మ. సద్ది యనగా వెంట గట్టుకొని పోవు అన్నము. పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు – వీనిలో ఒక్కొక్కదానితో ఒక్కొక్క సద్ది కలిపి, చెరువుగట్టునకు తీసికొనిపోయి, బతుకమ్మను నీటిలో సాగనంపిన పిదప అందరును పంచుకొని తిందురు. రొట్టెలను నలిపి బెల్లముతో కలిపిన మలీదయు అందుండును. చింతపండు పులుపును పసుపును పట్టిన అన్నము తెల్లన్నముకంటె ఎక్కువసేపు చెడకుండును. ప్రయాణములకును దేవాలయ ప్రసాదములకును పులిహోర కుదిరినది ఇందువలననే.

ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్దికి అట్లు పోసి వాయనము లిత్తురు. పిల్లలు గోరింటాకు పెట్టుకొని ఉయ్యాలలూగుదురు. దీపావళికి మిఠాయిలు సరేసరి. కార్తికశుద్ధ చవితి నాగులచవితి. నువ్వులు, బెల్లము కలిపి దంచిన చిమ్మిలిని పుట్ట దగ్గర నివేదించి ఇంటికి తెత్తురు. చలి ముదురు దినములలో నువ్వులు ఒంటికి వెచ్చదనము నిచ్చునని నమ్మకము.

ఇక సంక్రాంతి. తక్కిన పండుగలకు ఒక పూట వంట. సంక్రాంతికి పది పదునైదు దినముల వంట. వరి కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరును. చెరకు, నువ్వులు, మినుములు చేతికందును. కూతుళ్లు, అల్లుళ్లు వత్తురు. వచ్చినవారికి పెట్టుటకును, పోవునపుడు వెంట పంపుటకును నిలువయుండు వంటలు కావలెను. అందుచే అరిసెలు, జంతికలు, చెక్కలు, సకినాలు పుట్టినవి. వీనిలో అరిసెయే కష్టమైనది. దానిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను.

అరిసెకు బియ్యమును ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టుదురు. నడుమ నీరు మార్చకున్నచో పులిసిన వాసన వచ్చును. వడగట్టిన బియ్యము తడిగా నుండగనే రోటిలో వేసి రోకళ్లతో దంచి, జల్లించి, ఆ పిండిని ఆరనీయక గిన్నెలో అదిమి, పైన బట్ట కప్పుదురు. తడిపిండియే యేల? పొడిపిండిని పాకములో పోసినచో అది పాకమందలి తడిని పీల్చివేయును, అరిసె బిరుసెక్కును. నానిన పిండి తనకు కావలసిన నీటిని ముందే త్రాగియుండును గనుక పాకముతో ఒదుగును.

తరువాతిది పాకము. బెల్లమును కొద్ది నీటితో కరగించి, నలకలు లేకుండ వడగట్టి, మరల పొయ్యిమీద పెట్టుదురు. నీరు ఆవిరియగుకొలదియు పాకము చిక్కబడి, దాని వేడిమి పెరుగును. ఒట్టి నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును గదా. పంచదార పాకము ఉండకట్టు దశకు వచ్చునప్పటికి వేడిమి సుమారు 112 నుండి 116 డిగ్రీలు ఉండును. మన అవ్వల యొద్ద ఉష్ణమాపకము లేదు. ప్రక్కన చల్లని నీటి గిన్నె మాత్రముండును. గరిటెతో ఒక చుక్క పాకమును ఆ నీటిలో వేసి, వ్రేళ్లతో దగ్గరకు తీయుదురు. అది కరగిపోయినచో లేతపాకము. మెత్తని ఉండయైనచో సరియైన పాకము. గట్టిపడి గిన్నెకు తగిలి టక్కున మ్రోగినచో ముదిరినది. ఈ మూడు దశల నడుమ గడచు కాలము చాల స్వల్పము. లేతపాకపు అరిసె నూనెలో విచ్చిపోవును. ముదురు పాకపు అరిసెను కొరుకుటకు పండ్లు చాలవు. పాకము సరిపడిన తక్షణమే దింపి, ఒకరు పిండి పోయుచుండగా ఇంకొకరు ఆపకుండ కలుపవలెను. ఒంటిచేతి పని కాదు. అరిసెలు వండునాడు ఇరుగుపొరుగు స్త్రీలు ఒక యింట చేరుట వేడుకకే కాదు, అవసరమునకు కూడ.

కలిపిన చలిమిడికి నెయ్యి, నువ్వులు చేర్చి, చిన్న ఉండలు చేసి, నూనె రాచిన ఆకుమీద తట్టి, కాగిన నూనెలో వదలుదురు. పొంగి ఎఱ్ఱబడిన అరిసెను తీసి, రెండు చెక్కల నడుమ అదిమినచో మిగులు నూనె కారిపోవును. వేగుటలో తడి చాలవరకు పోయినది. మిగిలిన కొంచెము తడిని బెల్లము పట్టియుంచును గనుక బూజు సులభముగా పట్టదు. అందువలన అరిసె వారముల తరబడి నిలువయుండును.

తెలంగాణమున ఆ స్థానము సకినాలది. తడిబియ్యపు పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, శుభ్రమైన బట్ట పరచి, దానిమీద వ్రేళ్లతో వలయములు వలయములుగా చుట్టుదురు. గొట్టము లేదు, అచ్చు లేదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు తిప్పుటలోనే తీగ సాగును. బట్ట పీల్చుకొనగా తడి కొంత తగ్గిన పిదప చక్రము చెదరకుండ ఎత్తి నూనెలో వేయుదురు. నేర్చినవారి తీగ మొదటినుండి తుదివరకు ఒకే లావుండును. నేర్చుటకు సంవత్సరములు పట్టును.

కొత్తబియ్యమునకు జిగురెక్కువ. అన్నము వండినచో ముద్దయగును. ఆ గుణమే సంక్రాంతినాటి పొంగలికి మేలయినది. పులిహోరకు మాత్రము మెతుకు మెతుకు విడివడు పాతబియ్యము వెదకుదురు. ఏ బియ్యము దేనికి పనికివచ్చునో తెలిసిన యిల్లాలు ఒకే గాదెనుండి రెండు విధములుగా తీయదు. కనుమనాడు మినుము తినవలెనని సామెత. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజించు ఆ దినమున మినపగారెలు లేని యిల్లు తక్కువ.

ఈ వంటల కొలతలన్నియు చిరకాలము గిద్దెలు, సోలలు, తవ్వలు, మానికలు, కుంచములలో నుండెను. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. 1956లో చేసిన చట్టము ననుసరించి దేశమున మెట్రిక్ కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. అంగడి మారినను వంటయిల్లు వెంటనే మారలేదు. అసలు చిక్కు అచ్చట లేదు. పెక్కు ఇండ్లలో సోలయు లేదు, కిలోయు లేదు. పిడికిలియు, కంటిచూపును మాత్రమే కొలతలు. ‘ఎంత ఉప్పు వేయవలెను?’ అని కోడలడిగినచో ‘చాలినంత’ అని అత్త చెప్పును. ఆ ‘చాలినంత’ ఎంతయో చేతి కెరుక. ఆ చేయి పోయిననాడు ఆ కొలతయు పోవును. మాలతీ చందూర్ రచించిన ‘వంటలు – పిండివంటలు’ అను పుస్తకము పలు ముద్రణములు పొందుటకు కారణ మిదియే. ఊరు విడిచి, అత్తకును తల్లికిని దూరముగా కాపురములు పెట్టినవారికి అచ్చులో దొరకు కొలతయే పెద్దదిక్కయినది. ఇప్పుడు కొందరు మనుమరాండ్రు అవ్వ పిడికిట పట్టిన బియ్యమును త్రాసున తూచి, గ్రాములలో వ్రాసికొనుచున్నారు. మెచ్చదగిన పని. మనుమలు కూడ ఆ పని చేసినచో తప్పులేదు.

పండుగ వంట వెనుక స్త్రీల శ్రమను తలపకుండ దాని రుచిని మాత్రమే పొగడుట న్యాయము కాదు. కుంచెడు బియ్యము దంచుటకు ఇద్దరు పోటు వేయవలెను. కట్టెల పొగలో, కాగిన నూనె యెదుట, పండుగ ముందు రాత్రులు నిద్రలేక గడపినవారు తీరా పండుగనాడు అందరును తినిన పిదప చివరి విస్తరి వేసికొనుచుండిరి. పిండిమరలు, గ్యాసు పొయ్యిలు వచ్చి ఆ కష్టము కొంత తగ్గినది. రోటిలో దంచిన పిండి రుచి మరపిండికి రాదని నిట్టూర్చువారు సాధారణముగా రోకలి పట్టనివారే.

వండినది ఇంటివారికే పరిమితము కాదు. పళ్లెమున పెట్టి, గుడ్డ కప్పి, మతభేదము లేక ఇరుగుపొరుగు ఇండ్లకు పంపుదురు. వచ్చిన పాత్రను ఒట్టిగా తిరిగి పంపకుండుట మర్యాద. ఏమియు లేకున్నచో చెంచాడు పంచదారయైన వేయుదురు. రంజానునాడు పాలు, సేమియా, ఖర్జూరములతో చేసిన షీర్ ఖుర్మా అట్లే ఎదురువచ్చును. ఇస్లామీయ పంచాంగమున సంవత్సరము సుమారు పదునొకండు దినములు పొట్టి గనుక రంజాను ఒక్కొక్క యేడు ఒక్కొక్క ఋతువున వచ్చును. సేమియా, ఎండు ఖర్జూరములు ఏ ఋతువునకైనను నిలువయుండు సరకులగుట గమనింపదగినది. క్రిస్మసు డిసెంబరు 25న, పంట ఇల్లు చేరు కాలముననే వచ్చును. కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబములు కేకుతోపాటు అరిసెలు, కజ్జికాయలు కూడ వండుట అందుచే సహజము. నెల్లూరిలో ముహర్రము దినములలో జరుగు రొట్టెల పండుగ మరియొక విచిత్రము. బారాషహీద్ దర్గా చెంతనున్న స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇత్తురు. కోరిక కలవారు పుచ్చుకొందురు. హిందువులు, ముస్లిములు కలిసి నీటిలో నిలిచి చదువు రొట్టె, పెండ్లి రొట్టె యని పేరు పెట్టి అడుగుకొనుచుందురు.

కొన్ని వంటలు ఇంటిని దాటి ఊరికి జీవనాధారములైనవి. గోదావరి తీరమందలి ఆత్రేయపురమున స్త్రీలు బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండినీటిలో ముంచిన బట్టను దానిమీద ఒక్కసారి లాగుదురు. కన్నుమూసి తెరచునంతలో కాగితముకంటె పలుచని రేకు లేచును. దానిలో నెయ్యి, పంచదార లేక బెల్లపు పొడి చల్లి మడిచినచో పూతరేకు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. మచిలీపట్టణపు బందరు లడ్డునకు 2017లోనే ఆ గుర్తింపు వచ్చెను. అనేక గ్రామములలో స్త్రీలు కలిసి అరిసెలు, సకినాలు చేసి అమ్ముచున్నారు. అవి పొట్లములై హైదరాబాదునకును, అచ్చటినుండి విమానములలో అమెరికాకును పోవుచున్నవి. నిన్నటివరకు జీతము లేని చాకిరియైన పని నేడు కొందరికి కూలి గిట్టించుచున్నది.

అందువలన అరిసె ఇప్పుడు పుష్యమాసము కొరకు వేచియుండదు. జ్యేష్ఠమునను అంగడిలో దొరకును. బొబ్బట్లు, గారెలు, సకినాలు కూడ అంతే. తొలి ఏకాదశి పేలాలపిండి, నాగులచవితి చిమ్మిలి మాత్రము దుకాణపు సీసాలలో అంతగా కనబడవు. వానిని తినగోరువారు నేటికిని ఇంటనే దంచుకొందురు.